ఇంటి ప్రమాదములకు ఒక లెక్క పుస్తకము

ఏ మడిలో ఏ సంవత్సరము ఎన్ని బస్తాలు పండినవో అడిగినచో రైతు తడుముకొనక చెప్పును. ఎరువుల ఖర్చెంత, కూలి ఎంత, గేదె ఈనిన తేది ఏది అన్న సంగతులను కూడ చాలమంది పుస్తకములో వ్రాసికొందురు. కాని గడచిన సంవత్సరములో ఇంటిలో ఎవరెవరికి దెబ్బలు తగిలినవి, ఏ వస్తువు వలన తగిలినవి, ఎన్ని దినముల పని పోయినది అని అడిగినచో జవాబు దొరకుట కష్టము. పెద్ద ప్రమాదము మాత్రమే జ్ఞాపకముండును. చిన్నవి మరపున పడును. ఆ పెద్దదానికి కూడ "గ్రహచారము" అనియో, "అజాగ్రత్త" అనియో ఒక మాట చెప్పి ఊరకుందుము.

ఈ రెండు మాటలును విచారణను అక్కడితో ఆపివేయును. పైరు వాడిపోయినప్పుడు గ్రహచారమని ఏ రైతూ చేతులు ముడుచుకొని కూర్చుండడు. మొక్కను పెరికి వేరు చూచును. తెగులు ఏ మూల మొదలైనది, ఎన్ని మొక్కలకు సోకినది, ప్రక్క చేనిలో ఉన్నదా లేదా అని చూచును. ఇంటిలో జరుగు ప్రమాదములను కూడ ఇదే దృష్టితో చూడవలెను. అందులకు మొదటి పని లెక్క వ్రాయుట. ఆ లెక్క వలన వస్తువులు ఎట్లు మారినవో, మీ ఇంటిలో దానిని ఎట్లు వ్రాయవలెనో ఈ వ్యాసములో తెలిసికొందము.

మనిషి తప్పా, వస్తువు తప్పా?

రైతు ఇంటికి, పొలమునకు మధ్య గట్టి గోడ ఉండదు. పశువుల పాకలో చొప్ప నరికే చాఫ్‌కట్టరు ఉండును. వసారాలో పురుగుమందు డబ్బా, కిరసనాయిలు సీసా ఉండును. మోటారు స్టార్టరు, నూర్పిడి యంత్రము, నిచ్చెన, గ్యాసు పొయ్యి, ఇవన్నియు పిల్లలు, ముసలివారు తిరుగాడు చోటనే ఉండును.

ఒక ఉదాహరణ చూడుడు. రెండేండ్ల బిడ్డ కూల్‌డ్రింకు సీసాలో ఉన్న కిరసనాయిలు త్రాగినదనుకొందము. "తల్లి చూచుకొనలేదు" అని అందరును అందురు. ఇట్టివే పది సంఘటనలు వ్రాసిపెట్టి ప్రక్కప్రక్కన ఉంచి చదివినచో మరియొక సంగతి కనబడును. పది ఇండ్లు వేరు, పదిమంది తల్లులు వేరు. కాని సీసా మాత్రము అన్నిటను ఒక్కటే: పిల్లలు ఇష్టపడి త్రాగు పానీయపు సీసా. అది ఉన్న చోటును ఒక్కటే: బిడ్డ చేతికందు నేల. మూతయు ఒక్కటే: సుళువుగా ఊడునది.

ఎంత ప్రేమగల తల్లియైనను పగలు రేయి రెప్ప వాల్చక బిడ్డను కనిపెట్టి ఉండలేదు. సీసాను మార్చుట, అల్మరా పై అరలో పెట్టి తాళము వేయుట ఒక్క పూట పని. మనుషుల స్వభావమును మార్చుట కన్న వస్తువును మార్చుట తేలిక. ఏ వస్తువును, ఎచ్చట, ఎట్లు మార్చవలెనో తెలియవలెనన్న పది సంఘటనలు ఒక చోట చేరవలెను. ఒక్క సంఘటన దుఃఖమును మాత్రమే మిగుల్చును. పది చేరినచో దారి చూపును.

లెక్కలు మూతను మార్చిన విధము

ఇందులకు చక్కని నిదర్శనము అమెరికా దేశములో కలదు. 1953లో షికాగో నగరములో విషప్రమాదముల గురించి వైద్యులకు సలహా చెప్పు కేంద్రము ఒకటి ప్రారంభమైనది. అట్టి కేంద్రములు త్వరలో ఇతర పట్టణములలోను ఏర్పడినవి. 1957 నుండి ఆ కేంద్రముల నివేదికలను ఒక చోట చేర్చి పరిశీలించు ఏర్పాటు జరిగినది. చిన్న పిల్లలు ప్రమాదవశమున మ్రింగుచున్న మందులలో ఆస్పిరిన్ బిళ్ళలు ముఖ్యమైనవని తేలినది. అవి ప్రతి ఇంటిలోను ఉండునవి. పిల్లల కొరకు చేసిన బిళ్ళలు తియ్యగా కూడ ఉండును.

తల్లిదండ్రులకు జాగ్రత్తలు చెప్పుటతో ఆగక, మూత మీదనే దృష్టి పెట్టిరి. 1970లో చట్టము చేసి, పిల్లలు సులభముగా తెరువలేని మూతలను అపాయకరమైన వస్తువులకు పెట్టవలెనని నిర్ణయించిరి. 1972లో ఆస్పిరిన్‌కు ఈ నియమము వర్తించినది. తరువాత డాక్టరు వ్రాసి ఇచ్చు మందులకు కూడ వర్తించినది.

మూత మంచిదో కాదో పరీక్షించు విధము కూడ గమనింపదగినది. సుమారు మూడున్నర మొదలు నాలుగు సంవత్సరముల వయస్సు పిల్లలకు డబ్బాను ఇచ్చి 5 నిమిషములు వదలుదురు. తెరువలేకపోయిన పిల్లలకు ఒకసారి తెరచి చూపి మరల 5 నిమిషములు ఇత్తురు. అప్పటికిని నూటికి కనీసము 80 మంది పిల్లలు తెరువలేకపోయిననే ఆ మూత నిలుచును. 1995లో ఈ నియమములను సవరించి, 50 నుండి 70 ఏండ్ల పెద్దవారిచేత కూడ పరీక్ష చేయించు పద్ధతి పెట్టిరి. వారిలో నూటికి కనీసము 90 మంది తెరువగలిగి ఉండవలెను. ముసలివారికి మూత తీయుట కష్టమైనచో దానిని తీసి ప్రక్కన పెట్టి సీసాను తెరచియే ఉంచుదురు. అప్పుడు మనుమల చేతికి మందు మరల అందును.

ఫలితమును కూడ లెక్క కట్టిరి. 1996లో ప్రకటితమైన ఒక పరిశీలన ప్రకారము, 1974 నుండి 1992 వరకు, డాక్టరు వ్రాసి ఇచ్చు నోటి మందుల వలన ఐదేండ్ల లోపు పిల్లల మరణములు, ఈ మూతలు లేకున్నచో జరుగదగిన వాటి కన్న సుమారు 45 శాతము తగ్గినవి. ఒక మూత మార్చిన ఫలితమిది. ఆ మూత వెనుక ఉన్నది ఆసుపత్రులలో ఓపికగా వ్రాసిన చిట్టాలు.

పంట కోత ప్రయోగము వంటి పద్ధతి

దేశములోని ప్రతి దెబ్బను ఎవరు లెక్కింపగలరని మీకు సందేహము కలుగవచ్చును. ప్రతి దెబ్బను లెక్కింప నక్కరలేదు. జిల్లా మొత్తము మీద వరి దిగుబడి ఎంతో తెలిసికొనుటకు ప్రతి మడిని కోసి తూచుట లేదు గదా! పక్షపాతము లేకుండ కొన్ని గ్రామములను, కొన్ని పొలములను ఎంచి, కొలిచిన చిన్న మడిలో పంట కోసి, తూచి, దాని నుండి జిల్లా దిగుబడిని అంచనా కట్టుచున్నారు.

ప్రమాదముల లెక్కయు ఇట్టిదే. అమెరికాలో 1970లో ఒక జాతీయ సంఘము నివేదిక ఇచ్చినది. ఇంటి వస్తువులతో సంబంధించిన ప్రమాదములలో ప్రతి సంవత్సరము 2 కోట్ల మంది గాయపడుచున్నారనియు, 1 లక్షా 10 వేల మంది శాశ్వతముగా అంగవైకల్యము పొందుచున్నారనియు, 30 వేల మంది మరణించుచున్నారనియు అందులో ఉన్నది. ఆ తరువాత 1972లో వినియోగ వస్తువుల భద్రతా సంఘమును చట్టముచే ఏర్పరచిరి. దేశములో అత్యవసర విభాగము కల ఆసుపత్రులు 5 వేలకు పైగా ఉండగా, వాటిలో సుమారు 100 మాత్రమే నమూనాగా ఎంచి, అచ్చటికి వచ్చు ప్రమాద కేసులను చదివి వ్రాయు పద్ధతిని దశాబ్దముల తరబడి నడిపిరి.

ప్రతి కేసునకు వ్రాయు వివరములు కొద్దియే. రోగి వయస్సు, ఆడా మగా, ఏ అవయవమునకు ఎట్టి గాయము, ప్రమాదము జరిగిన చోటు, దానిలో పాలుగొన్న వస్తువు, చికిత్స చేసి పంపిరా లేక ఆసుపత్రిలో చేర్చుకొనిరా అన్నవి ముఖ్యమైనవి. వీటికి తోడు ఏమి జరిగినదో రెండు మూడు వాక్యములు. ఒకే వస్తువు మాటిమాటికి కనబడినచో ఆ కేసులలో కొన్నిటిని ఎన్నుకొని, గాయపడిన వారితో మాటలాడి, అవసరమైనచో వస్తువును కూడ పరీక్షింతురు. బ్రిటన్‌లో కూడ 1976 నుండి 2002 వరకు కొన్ని ఆసుపత్రులలో ఇట్లే ఇంటి ప్రమాదముల వివరములు సేకరించిరి.

మన దేశపు అనుభవము

మన దేశములో 1967వ సంవత్సరము మొదలు ప్రమాద మరణముల సంఖ్యలను పోలీసు రికార్డుల నుండి సంపుటముగా ప్రకటించుచు వచ్చినారు. అది విలువైన లెక్కయే. కాని అందులో చేరునవి మరణములు. చాఫ్‌కట్టరులో రెండు వ్రేళ్ళు పోయిన పిల్లవాడు బ్రతికియే ఉండును గనుక అందులో కనబడడు. రైతు ఇండ్ల ప్రమాదములలో ఎక్కువ భాగము ఇట్టివే.

అయినను, లెక్క వలన యంత్రము మారిన ఉదాహరణ మన వ్యవసాయములోనే కలదు. హరిత విప్లవముతో గోధుమ పండు ఉత్తర రాష్ట్రములలో నూర్పిడి యంత్రములు వేగముగా వ్యాపించినవి. వాటిలో చేతులు పోగొట్టుకొన్న కూలీల సంఖ్యయు పెరిగినది. కూలీల అజాగ్రత్తయే కారణమని అనుట పరిపాటి. గాయములను వరుసగా పరిశీలించినప్పుడు పనలను లోనికి అందించు రేకు దోనె మీద దృష్టి పడినది. దోనె పొట్టిగా ఉండి, పైన మూత లేనిచో, పనను త్రోయు చేయి డ్రమ్ము దాక పోవును. అలసియున్న మనిషి ఒక్క క్షణము ఏమరినను పళ్ళు చేతిని లాగివేయును.

అందువలన భారతీయ ప్రమాణములలో ఈ దోనె పొడవు కనీసము 900 మిల్లీమీటర్లు ఉండవలెననియు, డ్రమ్ము వైపున కనీసము 450 మిల్లీమీటర్లు పైన మూసి ఉండవలెననియు నిర్ణయించిరి. పెద్దవాని చేయి సామాన్యముగా 900 మిల్లీమీటర్ల కన్న పొట్టిది. కావున చేయి చాచినను డ్రమ్మును అందుకొనదు. 1983లో భారత ప్రభుత్వము ప్రమాదకర యంత్రముల నియంత్రణ చట్టమును చేసి, శక్తితో నడచు నూర్పిడి యంత్రముల తయారీకి లైసెన్సును, భద్రతా నియమములను విధించినది. యంత్రము కొనునప్పుడు, అద్దెకు తెచ్చునప్పుడు టేపు పట్టి దోనెను కొలుచుడు. పొట్టిదైనచో తీసికొనవద్దు.

చాఫ్‌కట్టరు సంగతియు ఇట్టిదే. హర్యానా గ్రామములలో ఢిల్లీ ఐ.ఐ.టి. పరిశోధకులు వ్యవసాయ పనులలో తగులు గాయములను వ్రాసి చూచిరి. దాని ఆధారముగా ఈ యంత్రమునకు చేసిన మార్పులు మన ఊరి కమ్మరి కూడ అర్థము చేసికొనగలిగినవి: కత్తులకు అడ్డు రేకు, పండ్ల చక్రములకు మూత, చేయి లోనికి పోవుటకు ముందే తగిలి హెచ్చరించు రోలరు, పని లేనప్పుడు పెద్ద చక్రము తిరుగకుండ పిల్లల నుండి కాపాడు మేకు.

పురుగుమందుల విషయములో పాఠము మిక్కిలి బాధాకరముగా నేర్చుకొన్నాము. 1958లో రవాణాలో పారాథియాన్ అను పురుగుమందు కలిసిన గోధుమపిండి తిని కేరళలో 100 మందికి పైగా మరణించిరి. దానిపై విచారణ జరిగినది. 1968లో పురుగుమందుల చట్టము, 1971లో దాని నిబంధనలు వచ్చినవి. డబ్బా మీద కనబడు రంగు త్రికోణము ఆ నిబంధనల ఫలమే. ఎరుపు అత్యంత విషము, పసుపు తీవ్ర విషము, నీలము మధ్యరకము, ఆకుపచ్చ స్వల్పము. మందును ఆ డబ్బాలో నుండి వేరొక సీసాలోనికి పోసినచో ఆ గుర్తును మీరే చెరిపివేసినట్లు.

లెక్కను చదువుటలో మెలకువలు

కేవలము సంఖ్యను చూచి మోసపోరాదు. ఒక ఊరిలో 200 ఇండ్లలో కొడవళ్ళు, 20 ఇండ్లలో చాఫ్‌కట్టరులు ఉన్నవనుకొందము. సంవత్సరములో కొడవలి గాయములు 30, చాఫ్‌కట్టరు గాయములు 6 జరిగినవనుకొందము. పైకి చూచుటకు కొడవలియే అపాయకరమనిపించును. కాని 100 ఇండ్లకు లెక్క వేసినచో కొడవలి వలన 15, చాఫ్‌కట్టరు వలన 30. మొత్తము బస్తాలు చూడక ఎకరమునకు దిగుబడి ఎంత అని చూచుట వంటిదే ఇది.

రెండవది, గాయపు తీవ్రత. కొడవలి కోత నాలుగు దినములలో మానవచ్చును. పోయిన వ్రేలు తిరిగి రాదు. కావున పని పోయిన దినములను, మిగిలిపోయిన లోపమును తప్పక వ్రాయవలెను.

మూడవది, త్రుటిలో తప్పిన ప్రమాదములు. స్టార్టరు పెట్టె ముట్టుకొనగా చురుక్కుమన్నది. నిచ్చెన మెట్టు విరిగినది గాని ఎవరును పడలేదు. ఇవి పైరు మీద మొదట కనబడు మచ్చల వంటివి. వీటిని వ్రాసి, వెంటనే సరిచేసికొన్న ఇంటిలో ఆ పెద్ద ప్రమాదము వ్రాయవలసిన అవసరము రాకపోవచ్చును.

పుస్తకములో ఏమి వ్రాయవలెను?

సామాన్యమైన నోటు పుస్తకము చాలును. ప్రతి సంఘటనకు ఈ క్రింది వివరములు వ్రాయుడు.

1. తేది, సమయము. వెలుతురు ఉన్నదా, చీకటియా.
2. గాయపడినవారి వయస్సు, ఆడా మగా.
3. జరిగిన చోటు: వంట ఇల్లు, పాక, కల్లము, బావి గట్టు మొదలైనవి.
4. వస్తువు: దాని పేరు, చేసిన కంపెనీ, కొన్న సంవత్సరము, ఐ.ఎస్.ఐ. గుర్తు ఉన్నదా లేదా, ఏ భాగము తగిలినది.
5. అప్పుడు చేయుచున్న పని, ప్రమాదము జరిగిన వరుస.
6. గాయము: ఏ అవయవము, ఎట్టిది.
7. చికిత్స, ఖర్చు, పని పోయిన దినములు.
8. మరల జరుగకుండ చేసిన మార్పు.

ఐదవ అంశమే ఈ పుస్తకమునకు ప్రాణము. "యంత్రములో చేయి పడినది" అని వ్రాసినచో ఏమియు తెలియదు. "సాయంత్రము 7 గంటలు. దీపము లేదు. తడి చొప్ప ఇరుక్కొనగా చక్రము ఆపక కుడిచేతితో లాగెను. కత్తికి అడ్డు రేకు లేదు. చూపుడు వ్రేలు తెగినది" అని వ్రాసినచో సరిచేయవలసినవి మూడు కనబడుచున్నవి: దీపము, చక్రమును ఆపు మేకు, అడ్డు రేకు. "అజాగ్రత్త" అను మాటను పుస్తకములోనికి రానీయకుడు. ఆ మాట వ్రాసిన చోట కారణము దాగిపోవును.

ఇంటి ఆడవారిని అడిగి వ్రాయుడు. వంట ఇంటి కాలిన గాయములు, పిల్లల సంగతులు వారికి తెలిసినంతగా మగవారికి తెలియవు. గాయపడినవారిని నిందింపకుడు. నిందించినచో రెండవసారి ఎవరును నిజము చెప్పరు.

వ్రాసిన తరువాత

మూడు నెలలకొకసారి పుస్తకము తెరచి, ఒకే వస్తువు రెండు సార్లు కనబడినదేమో చూడుడు. కనబడినచో ముందుగా ఇంటిలోనే మార్పు చేయుడు. పది పదిహేను కుటుంబములు కలిసి సహకార సంఘము వద్దనో, రైతు సంఘము వద్దనో తమ పుస్తకములను చదివికొనినచో మరింత లాభము. అప్పుడు మనుషుల పేర్లు తీసివేసి, వస్తువుల వివరములు మాత్రమే చెప్పుకొనవలెను. ఒకే కంపెనీ స్టార్టరు నాలుగు ఇండ్లలో షాకు కొట్టినచో అది నలుగురి దురదృష్టము కాదు, ఆ స్టార్టరు లోపము. ఆ లెక్కను వ్యవసాయాధికారికి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యునికి చూపుడు.

2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము, లోపము గల వస్తువు వలన హాని కలిగినచో తయారు చేసినవారిని, కొన్ని సందర్భములలో అమ్మినవారిని నష్టపరిహారము అడుగవచ్చును. అపాయకరమైన వస్తువులను వెనుకకు తెప్పించు అధికారము ఆ చట్టము క్రింద ఏర్పడిన కేంద్ర ప్రాధికార సంస్థకు కలదు. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రమునకు 1915 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు చెప్పవచ్చును. ఫిర్యాదునకు బలము రసీదు, వస్తువు, తేదీలతో కూడిన మీ వ్రాత. కావున కొన్న రసీదులను ఈ పుస్తకములోనే అంటించి ఉంచుడు. ప్రమాదము కలిగించిన వస్తువును బాగుచేయించుటకు ముందు ఫోటో తీయుడు.

విషము మ్రింగిన సందర్భములో పుస్తకము కొరకు ఆగరాదు. వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. డబ్బానో, దాని చీటినో వెంట తీసికొనిపోవలెను. కిరసనాయిలు త్రాగిన బిడ్డకు వాంతి చేయింపరాదు. అది ఊపిరితిత్తులలోనికి పోయి ఎక్కువ హాని చేయును. వ్రాత పని బిడ్డ కోలుకొన్న తరువాత.

పుస్తకమునకు ఖర్చు స్వల్పము. ఒక్కొక్క సంఘటన వ్రాయుటకు పది నిమిషములు పట్టును. ఈ కోతల కాలము నుండియే మొదలుపెట్టుడు. మొదటి పుటలో మీ ఇంటిలోను, పాకలోను, కల్లములోను ఉన్న యంత్రముల, మందుల జాబితా వ్రాసి, ఒక్కొక్కదాని ఎదుట దానికి అడ్డు రేకు, మూత, తాళము ఉన్నవో లేవో గుర్తించుడు. లేని వాటిని ఈ వారములోనే సరిచేయించుడు.